టోకెన్ పడింది, పైసలు పడలేదు

పోయిన వారం ఒక సాయంత్రం షట్టర్ సగం దించి లెక్క చూసుకుంటుంటే ఒక అమ్మాయి వంగి లోపలికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు వేలిముద్ర వేయాలి. మధ్యాహ్నం ఒకసారి వచ్చి, లైన్ చూసి వెళ్లిపోయిందట. "రేపు మళ్లా రానీకి ఛార్జీ పైసలు లేవక్కా, ఇయ్యాల్నే చెయ్యరాదే" అంది. బస్సు ఆడవాళ్లకు ఫ్రీ కదా అనబోయి ఆగాను. వాళ్ల ఊరికి బస్సు లేదు, మెయిన్ రోడ్డు దాకా ఆటోలో రావాలి. బంద్ చేసిన కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను.

ముద్ర పడలేదు. కుడి బొటనవేలు పెడితే మ్యాచ్ కాలేదని వచ్చింది. చూపుడు వేలు పెట్టింది, మధ్య వేలు పెట్టింది, ఎడమ చెయ్యి పెట్టింది. అన్నిటికీ అదే జవాబు. ఆ చెయ్యి పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందికి తిప్పి చూశాను. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. గోళ్ల అంచుల్లో తంబాకు మరక. అడగాల్సిన పని లేకపోయినా అడిగాను, బీడీలు చేస్తావా అని. "అమ్మ పక్కన కూసుంటక్కా. కాలేజీ నుంచి వచ్చినంక మూడు వందలు చుడ్త" అంది.

మా దగ్గర దీనికో పద్ధతి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన బట్టతో వేళ్లు బాగా తుడిచి, చిటికెడు వాజిలిన్ రాసి, రెండు నిమిషాలు ఆగి, పొడిబట్టతో అద్ది అప్పుడు మిషన్ మీద పెట్టాలి. మరీ గట్టిగా నొక్కకూడదు. ఆరోసారికి పడింది. ఆ పిల్ల ముఖంలో టెన్షన్ అంతా ఒక్కసారి దిగిపోయింది.

ఎలాగూ పేజీ తెరిచి ఉంది కదా అని పోయిన ఏడాది స్టేటస్ కూడా చూశాను. బిల్లు తయారైంది, ట్రెజరీకి వెళ్లింది, టోకెన్ నంబర్ కూడా వచ్చింది. అక్కడితో ఆగింది. టోకెన్ పడింది, పైసలు పడలేదు. మెట్‌పల్లిలో ఈ మీసేవ కౌంటర్ దగ్గర కూర్చుని పదేళ్లు దాటింది. రోజులో నేను ఎక్కువసార్లు చెప్పే మాట బహుశా ఇదే.

ఈ సెంటర్ మా మేనమామది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల నుంచి అప్రెంటిస్ రిజిస్ట్రేషన్ల దాకా చదువుకునే పిల్లల పనులన్నీ నేనే చూస్తాను. ఎవరి పేరుతో ఎంత మంజూరైంది, ఎప్పుడు చేతికొచ్చింది, మధ్యలో ఆ ఇంట్లో ఏమేం కుదువకు పోయాయి, అన్నీ వాళ్లే చెప్పుకుంటారు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? ఆఫీసులో అడిగితే ఆన్‌లైన్‌లో చూసుకొమ్మంటారు. ఆన్‌లైన్ అంటే వాళ్లకు నేనే.

ముందు నా సంగతి చెప్పాలి. మా అమ్మ బీడీలు చేసేది. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి నిజామాబాద్ దాకా ఏ ఊరికి పోయినా అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. కత్తెరతో తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి పక్కన పెట్టేలోపు కళ్లు ఇంకో ఆకు వెతుకుతుంటాయి. అమ్మ రోజుకు ఏడెనిమిది వందలు చేసేది. కూలి మాత్రం వెయ్యికి ఇంత అని. పైగా కార్ఖానా నెలంతా నడవదు, పదిహేను రోజులు నడిస్తే గొప్ప. నాన్న మస్కట్‌లో నాలుగేళ్లు ఉండి, పోయేటప్పుడు చేసిన అప్పు తీర్చి, నడుం నొప్పితో తిరిగొచ్చాడు.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. ఇప్పుడు 9, 10 తరగతుల పిల్లలకు ఏడాదికి రూ.2,000, ఇంటర్‌కు రూ.3,000 వస్తుంది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు అంతకంటే తక్కువే ఉండేది. అయినా అది చేతికొచ్చిన రోజు అమ్మ నన్ను బజారుకు తీసుకెళ్లి లెదర్ చెప్పులు కొనిపెట్టింది. అప్పటిదాకా అన్నీ రబ్బరు చెప్పులే. చదివితే ప్రభుత్వం పైసలిస్తుందని నాకు మొదట అర్థమైంది ఆ చెప్పులతోనే.

2010లో ఇంటర్ అయింది. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుతో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ సీటు దొరికింది. మేము బీసీలం. మూడేళ్ల ముందైతే ఈ ర్యాంకు పట్టుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే. 2008 నుంచి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీ పిల్లలకు కూడా కాలేజీ ఫీజు తానే కట్టడం మొదలుపెట్టింది కాబట్టి సీటు తీసుకున్నాను. మా వాడలో బీటెక్ చేసిన మొదటి ఆడపిల్లను నేను. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను. ఎందుకంటే ఈ పథకాలతో పిల్లలు సోమరులవుతున్నారని నా ముందే కౌంటర్ అవతల నిలబడి మాట్లాడేవాళ్లున్నారు. రీయింబర్స్‌మెంట్ లేకపోతే నేను కూడా అమ్మ పక్కన చాట పట్టుకునేదాన్ని. నా క్లాసులో అరవై మందిమి ఉంటే, ఇంట్లోవాళ్లే ఫీజు మొత్తం కట్టగలిగిన పిల్లలు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

చిక్కు చివర్లో వచ్చింది. 2014లో ఫైనల్ ఇయర్ పరీక్షలయ్యాయి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నాకు సెలెక్షన్ వచ్చింది. జూలైలో చేరాలి, ఒరిజినల్స్ తెమ్మన్నారు. టీసీకి, మెమోలకు కాలేజీకి పోతే, నాలుగో సంవత్సరం ఫీజు ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదు, అది మీరు కట్టండి, ప్రభుత్వం వేశాక మీకు తిరిగిచ్చేస్తాం అన్నారు. కన్వీనర్ కోటాలో మా ఫీజు రూ.31,000. జూన్ 2న కొత్త రాష్ట్రం వచ్చింది, ఊళ్లో అందరం సంబురాలు చేసుకున్నాం. ఆ నెలాఖరుకే నేను, అమ్మ కాలేజీ ఆఫీసు ముందు బెంచీ మీద పొద్దంతా కూర్చున్నాం. ప్రిన్సిపాల్‌ను కలవనివ్వలేదు. అకౌంట్స్ సారు మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "మేము కూడా జీతాలియ్యాలె గదమ్మా" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆ రోజు మాత్రం నాకు ఆయన మీద పట్టరానంత కోపం వచ్చింది.

అమ్మ తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 31 వేలు తెచ్చింది. దానికే మూడు వారాలు పట్టింది. సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి కంపెనీ చెప్పిన తారీఖు దాటిపోయింది. ఫోన్ చేస్తే తర్వాతి బ్యాచ్‌కు చూస్తామన్నారు. ఆ బ్యాచ్ మళ్లీ రాలేదు. పద్నాలుగు నెలలకు ప్రభుత్వం పైసలు వేస్తే కాలేజీవాళ్లు రెండు దఫాలుగా తిరిగిచ్చారు, దానికి నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. నెలకు రూ.620 చొప్పున పద్నాలుగు నెలలకు వడ్డీ రూ.8,680. అమ్మ దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. వడ్డీ కట్టిన ప్రతి నెలా అందులో ఒక నిలువు గీత గీసి, పక్కన తారీఖు నాతో రాయించేది. పద్నాలుగు గీతలు. ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ప్రభుత్వం ఇవ్వాల్సింది ఇచ్చింది. ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. ఆలస్యానికి మాత్రం మా అమ్మ బీడీలు చుట్టింది, నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను. నాకున్న బాధంతా ఇక్కడే. ఎంతిచ్చారు, ఎన్ని వేల మందికి ఇచ్చారు అని టీవీలో గంటలకొద్దీ చర్చ జరుగుతుంది. ఎప్పుడిచ్చారు అని అడిగేవాళ్లు లేరు. పైసలు ఆలస్యమైతే ఆ మధ్యకాలం ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు వడ్డీ కడుతుంటారు, లేదంటే ఎవరో ఒకరు చదువు మానేస్తారు.

ఇదంతా ఎట్లా నడుస్తుందో తెలియని తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మా భాషలో దీన్ని రెండు ముక్కలుగా చెప్పుకుంటాం. ఎంటీఎఫ్ అంటే పిల్ల ఖర్చులకు వచ్చేది, ఆర్టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు కింద వచ్చేది. దరఖాస్తు ఈపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి. టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, ఆ ఏడాది ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్‌లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, సీటు అలాట్‌మెంట్ కాగితం కావాలి. బీసీలకైతే కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. ఆ తర్వాత వేలిముద్ర. ప్రింట్ తీసి సంతకం పెట్టి, కాగితాలన్నీ జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసుకు పోతుంది, అక్కడ మంజూరైతే బిల్లు ట్రెజరీకి పోతుంది.

పిల్లలు ఎక్కువగా తప్పేది కాలేజీ దగ్గరే. ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టగానే అయిపోయిందనుకుంటారు. కాగితాలు ఇవ్వరు. ఆరు నెలలకు వచ్చి "అక్కా, నాది ఇంకా పడలే" అంటే తెరిచి చూస్తాను. ప్రిన్సిపాల్ లాగిన్‌లోనే కూర్చుని ఉంటుంది. అప్పటికి గడువు అయిపోయి ఉంటుంది. వీళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. చెప్పే అన్న లేడు, అక్క లేదు. అందుకే నా దగ్గర ఫారం నింపినవాళ్లకు ప్రింట్ వెనకాల పెన్నుతో రాసిస్తాను: ఈ కాగితాలు కాలేజీలో ఎవరికి ఇవ్వాలి, ఎప్పటిలోపు ఇవ్వాలి, ఇచ్చాక ఎవరి సంతకం తీసుకోవాలి.

ఇంజినీరింగ్‌కు ఇంకో మెలిక ఉంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపు వస్తేనే పూర్తి ఫీజు, ఆపైన వస్తే రూ.35,000 మాత్రమే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ ర్యాంకు లెక్క లేదు. ఈ 35 వేలు పెట్టినప్పుడు ఫీజులు దాని చుట్టుపక్కలే ఉండేవి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏడాదికి లక్ష దాటిన కాలేజీలు చాలానే ఉన్నాయి. కౌన్సెలింగ్ రోజుల్లో తండ్రులు నా పక్కన కుర్చీలో కూర్చుని ఆప్షన్లు పెట్టిస్తుంటే, నేను కాలేజీ పేరు చదివినప్పుడల్లా ఫీజు ఎంత అని అడిగి వేళ్ల మీద లెక్కేస్తుంటారు. పిల్ల స్క్రీన్ చూస్తుంటుంది, నాన్న వేళ్లు చూస్తుంటాడు.

2025 నవంబరులో బకాయిలు ఇవ్వాలని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఆ నాలుగైదు రోజులు మా సెంటర్‌కు ఫోన్లే ఫోన్లు. పరీక్షలు ఉంటాయా, హాస్టల్ ఖాళీ చేయమంటారా, సర్టిఫికెట్లు ఇస్తారా అని. కాలేజీల బాధ నాకు అర్థమవుతుంది. మా అకౌంట్స్ సారు మాట ఇంకా చెవిలోనే ఉంది. అయితే పిల్లల సర్టిఫికెట్లను తాకట్టు వస్తువుల్లా బీరువాలో పెట్టుకోవడం ఎంతమాత్రం న్యాయం కాదు. బాకీ ఉన్నది ప్రభుత్వం, పట్టుకున్నది పిల్ల మెమో. ఆ మెమో లేకపోతే పిల్ల పీజీలో చేరలేదు, ఉద్యోగంలోనూ చేరలేదు. పోయిన జన్మ సంగతి కాదు ఇది, నా సంగతే.

ఇప్పుడు తమ్ముడి సంగతి. వాడిది నాకు పూర్తిగా తిరగేసిన కథ.

వాడు టెన్త్ తర్వాత ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. నాకు జరిగింది చూసి, ఇంజినీరింగ్ వద్దన్నాడు. ఐటీఐ అయ్యాక హైదరాబాద్ జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ముప్పై మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. 2019లో రూల్స్ మారాక ఐటీఐ పిల్లలకు నెలకు కనీసం రూ.7,000 స్టైపెండ్ అయింది. డిప్లొమా వాళ్లకు రూ.8,000, డిగ్రీ వాళ్లకు రూ.9,000. ఇందులో పావు వంతు, గరిష్ఠంగా రూ.1,500 దాకా, కేంద్రం భరిస్తుంది. 2016లో మొదలైన పథకం అది.

ఏడు వేలు హైదరాబాద్‌లో ఏమాత్రం? నలుగురు కలిసి ఒక గది తీసుకున్నారు. అన్నం వండుకునేవాళ్లు, కూర కర్రీ పాయింట్ నుంచి. బస్ పాస్, ఫోన్ రీచార్జ్ పోను వాడికి మిగిలేది ఏమీ లేదు. కానీ ఆ ఏడు వేలు నెలనెలా వచ్చేవి. పదో తారీఖు లోపల కచ్చితంగా పడేవి. అదొక్కటే తేడా. వాడు ఒక్కసారి కూడా నాన్నను అడగలేదు, ఎవరి దగ్గరా వడ్డీకి తేలేదు. మూడో నెలలో అమ్మకు వెయ్యి రూపాయలు పంపాడు. అమ్మ ఆ వెయ్యి ఖర్చు పెట్టకుండా నెల రోజులు డబ్బాలో దాచింది. నాలుగేళ్లలో నాకోసం ప్రభుత్వం కట్టిన ఫీజు లక్ష దాటింది. వాడికి ఏడాదిలో వచ్చింది ఎనభై నాలుగు వేలు. ఇంట్లో నిద్ర పట్టని రాత్రులు నా చదువుకే ఎక్కువ. వాడిప్పుడు ఎలక్ట్రీషియన్‌గా ఉద్యోగం చేస్తున్నాడు. పరీక్ష రాసి అప్రెంటిస్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. రైల్వే లెవల్-1 పోస్టుల్లో 20 శాతం ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ఉంటాయి, ఐటీఐ పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి.

అప్రెంటిస్‌లు ఉన్న ఇళ్లు ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. 2023 నుంచి కేంద్రం వాటా రూ.1,500 కంపెనీ ద్వారా కాకుండా నేరుగా పిల్లల ఖాతాలో పడుతుంది. పోయిన ఎండాకాలం వేంపేట వైపు నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. కంపెనీ పైసలు వస్తున్నాయి, 1,500 మాత్రం ఏడు నెలలుగా రావట్లేదు, కంపెనీవాళ్లే తింటున్నారని వాడి అనుమానం. గొడవపడి మానేద్దామని కూడా అనుకున్నాడు. ఆధార్ వెబ్‌సైట్‌లో వాడి నంబర్ కొట్టి, ఓటీపీ తీసుకుని, బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిచాను. వాడు పాస్‌బుక్ పట్టుకొచ్చిన బ్యాంకు ఒకటి, స్క్రీన్ మీద కనిపించిన బ్యాంకు ఇంకొకటి.

"ఈ బ్యాంకుల నాకు ఖాతానే లేదక్కా" అన్నాడు. ఆలోచించు అన్నాను. అరగంట కూర్చున్నాడు. స్కూల్లో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం సార్లు అందరినీ వరుసలో నిలబెట్టి జీరో ఖాతాలు తెరిపించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పాస్‌బుక్ ఎక్కడుందో వాడికే తెలియదు. మర్నాడు వాళ్ల అమ్మ బియ్యం డ్రమ్ము వెనకాల పాత సంచిలో వెతికి తెచ్చింది. బ్యాంకుకు పోయి ఎంట్రీ వేయిస్తే ఏడు నెలల పైసలు, పదివేల ఐదు వందలు, వరుసగా అందులోనే ఉన్నాయి. ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుకున్నాడు, మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు.

ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే పైసలు మీరు ఫారంలో రాసిన ఖాతాకు పోవాలని లేదు. మీ ఆధార్ ఆఖరుసారి ఏ బ్యాంకుతో అనుసంధానమైందో ఆ బ్యాంకుకు పోతాయి. ఎక్కడో జాబ్ మేళాలో, ఫోన్ షాపులో వేలిముద్ర వేసి ఖాతా తెరిస్తే దారి అటు మళ్లిపోవచ్చు. స్కాలర్‌షిప్ రాలేదని నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ముందు చూసేది ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు, ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ అయి ఉంటే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. కావలసిన బ్యాంకుకు మార్చుకోవాలంటే ఆ బ్యాంకులో ఒక ఫారం ఇస్తే సరిపోతుంది.

ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల గురించి రాయాలంటే చెయ్యి బరువెక్కుతుంది. "నిరుద్యోగ భృతి ఫారం వచ్చిందా అక్కా" అని వారానికి ఒక్కరైనా అడుగుతారు. 2018 ఎన్నికలప్పుడు నెలకు రూ.3,016 అన్నారు. 2023లో రూ.4,000 అన్నారు. ఈ కౌంటర్ మీద ఆ పేరుతో నేను ఇప్పటిదాకా ఒక్క ఫారం నింపలేదు. ఆంధ్రాలో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం అని నెలకు వెయ్యి ఇచ్చారు, తర్వాత రెండు వేలు చేశారు, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. అడిగే పిల్లలేమీ ఊరికే తిరిగేవాళ్లు కాదు. పొద్దున లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కు చదివి, సాయంత్రం పెట్రోల్ బంకులో డ్యూటీ చేసేవాళ్లు. వాళ్లకు అప్లికేషన్ ఫీజు, పరీక్ష రోజు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పోయివచ్చే ఛార్జీ, ఇవే భారం. లేదని ఒక్క మాటలో చెప్పి పంపడం నాకు చేతకాదు. అందుకే బీసీ స్టడీ సర్కిల్ ఉచిత కోచింగ్ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా ప్రింట్ తీసి తలుపుకు అంటిస్తాను. 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండి, చదువు అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లకు 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ గురించి చెప్తాను. అందులో నెలకు రూ.5,000, చేరేటప్పుడు ఒకసారి రూ.6,000 అన్నారు. అయిదు వేలకు ఊరు దాటి ఎట్లా పోతాం అని వాళ్లు అడిగితే, తమ్ముడి గది లెక్క చెప్తాను. కొందరు ఒప్పుకుంటారు. ఆడపిల్లల ఇళ్లలో మాత్రం ఒప్పుకోవడం కష్టం. ఆ భయం కూడా తప్పని నేను అనను.

నన్ను ఎవరైనా అడిగితే నేను కోరేది ఒక్కటే. తారీఖు చెప్పండి. కాలేజీలు జూన్, జూలైల్లో తెరుస్తారు. సగం ఫీజు దసరా లోపల, మిగతా సగం పరీక్షల లోపల వేస్తామని రాసి, ఆ రాసిన తారీఖుకు వేయండి. మొత్తం పెంచకపోయినా మా ఇళ్లు సర్దుకుంటాయి. మా అమ్మకు లెక్కలు రావు, కానీ ఫలానా రోజు పైసలు వస్తాయని తెలిస్తే ఆ రోజు దాకా ఇల్లు నడపడం ఆమెకు బాగా తెలుసు. వస్తాయో రావో తెలియని పైసల మీద ఎవరూ ఇల్లు నడపలేరు. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్ ఆపితే ఎవరికి చెప్పుకోవాలో ఒక ఫోన్ నంబర్ ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ ఫోన్ ఎత్తే మనిషి కూడా ఉండాలి.

ఆ వేలిముద్రల అమ్మాయికి ఆటో దొరికేసరికి ఏడున్నర దాటింది. ఎదురుచూస్తున్నంతసేపు కబుర్లు చెప్పింది. బీకాం కంప్యూటర్స్ అట, ట్యాలీ నేర్చుకుంటోందట, ఒక సీఏ ఆఫీసులో చేరాలని ఉందట. పోయిన ఏడాది ఫీజుకు వాళ్లమ్మ కమ్మలు కుదువ పెట్టిందని మాటల్లో చెప్పేసి, అంతలోనే ఎందుకు చెప్పానా అన్నట్టు తల దించుకుంది. ఎన్ని నెలలైందని అడిగాను. పదకొండు అంది.

నిన్న పొద్దున సెంటర్ తెరవగానే ఆ పిల్ల నంబర్ కొట్టి చూశాను. ఈ ఏడాది దరఖాస్తు ప్రిన్సిపాల్ లాగిన్‌కు చేరింది. పోయిన ఏడాదిది టోకెన్ దగ్గరే ఉంది. ఫోన్ చేసి, శుక్రవారం లోపు హార్డ్ కాపీలు కాలేజీలో ఇచ్చి ఒక సెట్‌పై సంతకం తీసుకొమ్మని చెప్పాను. "సరే అక్కా, ఇంకోదాని సంగతి?" అంది. సోమవారం మళ్లీ చూస్తానన్నాను.